దొంగ ఊపిరి

"నీకంత ఊపిరెక్కడిదే?" అన్నాడు మొగుడు, ఇస్త్రీపెట్టె కింద ఉన్న తన తెల్లచొక్కా కాలర్ వైపు వేలు చూపిస్తూనే. "అదిగో, అక్కడ మడత చూడు. ఇంకోసారి లాగు."

ఆమె ఇంకోసారి లాగింది. సెలవుల కచేరీకి ఇంకా అయిదు రోజులున్నాయి; చొక్కాకు మాత్రం ఇది మూడో ఇస్త్రీ. వేసుకుని అద్దంలో చూసుకోవడం, విప్పి కుర్చీ మీద పారెయ్యడం, మర్నాడు "కాస్త నలిగినట్టుందే" అనడం. చొక్కా ఎందుకు నలుగుతుందో ఆయనకు ఆశ్చర్యం. గ్లాసు ఎలా కడగబడుతుందో, దుప్పటి ఎలా మడతపడుతుందో కూడా ఆశ్చర్యమే. సొంత ఇంట్లో పాతికేళ్ళుగా చుట్టపుచూపుగా ఉంటున్న మనిషి.

ఆమె అడిగింది గొంతెమ్మ కోరికేం కాదు. ఈసారి చివరి పాటలో, ఆయన సుదీర్ఘంగా పట్టే స్వరం అయిపోగానే, ఒక ఆడగొంతు ఒంటరిగా కింది స్థాయిలో పాడవలసిన నాలుగు పాదాలున్నాయి. "అవి నేను పాడతానని డాక్టరుగారితో చెప్పనా?" అంది. అంతే. దానికి ఊపిరి లేదన్నాడు.

కాలనీలో ఒక పాటల బృందం ఉంది. ముప్పై మంది. వాయిద్యాలేం ఉండవు; తీగ లేదు, తోలు లేదు, మీట లేదు, ఉన్నదల్లా గొంతులే. ఏటా సంవత్సరం చివరి సెలవుల్లో ఆస్పత్రి వరండాలో ఒకసారి, రైల్వేస్టేషన్లో ఒకసారి పాడి, ఆఖరి ఆదివారం సాయంత్రం కమ్యూనిటీ హాల్లో పెద్ద కచేరీ చేస్తారు. నడిపించేది పళ్ళ డాక్టరు. పగలంతా జనం చేత నోళ్ళు తెరిపించింది చాలక సాయంత్రం కూడా "తెరవండి, ఇంకా తెరవండి" అంటూ చేతులూపుతాడు. అద్దం పెట్టి లోపలికి చూడడమొక్కటే తక్కువ.

ఆ బృందానికి కన్నూ ముక్కూ మీసమూ అన్నీ ఆమె మొగుడే. చివరి పాటలో అందరూ కింద సన్నగా హమ్ చేస్తుంటే ఆయనొక్కడే ఒకే స్వరాన్ని ఇరవై నాలుగు లెక్కల దాకా పట్టి ఉంచుతాడు. హాలంతా నోరు తెరుచుకుని వింటుంది. అది ముగియగానే చప్పట్లు. అందుకే ఆయనకు శంఖం గారని పేరొచ్చింది. ఆ పేరు చెవిన పడినప్పుడల్లా అత్తగారు ఆపకుండా చెబుతుంది: "మావాడి ఊపిరి వాళ్ళ తాతదమ్మా. ఆయన తుమ్మితే వీధి చివర కుక్కలు లేచి నిలబడేవి." ఆడవాళ్ళ తుమ్ములు ఆ వంశంలో ఎవరూ గుర్తుపెట్టుకున్నట్టు లేదు.

సరే, శంఖం సంగతి చూద్దాం. వాళ్ళుండేది మూడో అంతస్తు. లిఫ్టు చెడిపోయి ఏడాదైంది. శంఖం గారు రెండో అంతస్తు మలుపులో ఆగి జేబులోంచి ఫోను తీస్తారు, ఏదో కొంపలు మునిగే కబురు వచ్చినట్టు. రోజూ అదే మలుపులో, అదే మెట్టు మీద వస్తుంది ఆ కబురు. రెండు చేతులా కూరల సంచులు పట్టుకున్న ఆమె ఆయన్ని దాటి ఎక్కి, తాళం తీసి, సంచులు దించి, అత్తగారికి మాత్ర ఇచ్చి, పొయ్యి మీద పాలు పెట్టేసరికి, రొప్పు కనపడకుండా పెదాలు బిగించుకుని వస్తాడు. ఆయన ఊపిరి పది లెక్కలది. పొద్దున లేచిన వేళ మంచిదైతే పదకొండు.

మిగతా లెక్కలు ఆమెవి.

పన్నెండేళ్ళ కిందట, బృందం కొత్తలో, ఆమె రిహార్సల్ అయ్యాక సింకు దగ్గర టీ కప్పులు కడుగుతుంటే పళ్ళ డాక్టరు వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. "చూడమ్మా, మీవారిది మంచి గొంతే గానీ గుక్క చాలదు. మీరు సరిగ్గా ఆయన వెనకాల నిలబడండి. ఆయన ఎడమ భుజం లేచిందంటే ఊపిరికి ఆగుతున్నాడన్నమాట. అదే స్వరం మీరు అందుకోండి. ఆయన తిరిగి రాగానే జారుకోండి. బృందాల్లో ఇది మామూలే. ఒకరు ఆగినచోట పక్కవాళ్ళు మోస్తారు. దొంగ ఊపిరి అంటాం. వినేవాళ్ళకు తెలియకూడదు, అంతే."

బృందాల్లో మామూలేనన్న మాట నిజమే. పక్కన నిలబడే దర్జీ పెద్దమ్మ ఊపిరికి ఆగితే ఈమె మోస్తుంది, ఈమె ఆగితే పెద్దమ్మ మోస్తుంది. మొగుడు మాత్రం పన్నెండేళ్ళలో ఎవరి స్వరమూ మోయలేదు. ఆయన మోయించుకునే రకం.

మొదట్లో ఆమెకు అదొక సరసంలా ఉండేది. ఇంతమంది చూస్తుండగా ఆయన గొంతులోకి దూరి, ఎవరికంటా పడకుండా బయటికి రావడం. ఆయనకూ తనకూ మాత్రమే తెలిసిన ముచ్చట అనుకుని మురిసిపోయేది. ఇంటికెళ్ళే దారిలో ఒక్కసారైనా చెయ్యి నొక్కుతాడని చూసేది. ఇప్పుడు తలుచుకుంటే తన మీద తనకే రోత పుడుతుంది. రెండో సంవత్సరమో మూడో సంవత్సరమో, కొత్తగా చేరినవాళ్ళను చుట్టూ కూర్చోబెట్టుకుని ఆయన చెబుతున్నాడు: "మధ్యలో ఊపిరి తీసుకుంటాను. కానీ తీసుకున్నట్టు మీకు తెలియదు. అదీ టెక్నిక్కు. ఊరికే రాదు, సాధన ఉండాలి." ఆమె అప్పుడు కప్పులు తుడుస్తోంది. నవ్వు ఆపుకోలేక ఒకే కప్పును రెండుసార్లు తుడిచింది. మనలోమాట బయటపెట్టలేక అలా కోస్తున్నాడులే అనుకుంది. ఆ మాత్రం వెనకేసుకురావడం ఆమెకు అలవాటే. నీటి సరఫరా ఆఫీసులో ఆమె రాసే జవాబుల కింద సెక్షన్ అధికారి సంతకం పెట్టి, వచ్చినవాళ్ళతో "నా భాష చూశారా?" అంటాడు. అక్కడా ఆమె ఫైలు చూసుకుంటూ కూర్చుంటుంది.

కాలర్ మీద మడత పోయిన మర్నాడు రిహార్సల్. ఆమె ఇంకా నోరు తెరవకముందే మొగుడు అందుకున్నాడు. "డాక్టర్, ఆ చివరి నాలుగు పాదాలూ తీసేద్దాం. నా స్వరం అవ్వగానే జనం చప్పట్లు కొట్టాలి కదా. మళ్ళీ ఇదేమిటి, పెళ్ళయ్యాక బాజాలాగా!"

అందరూ నవ్వారు. పళ్ళ డాక్టరు ఆమె వైపు చూసి, చూపు తిప్పుకుని, "నిజమే, పాట సాగినట్టుంటుంది" అన్నాడు. నిజం తెలిసిన పెద్దమనిషి. అలాంటివాళ్ళు నిజాన్ని పంటికింద పెట్టుకుని జీవితమంతా చక్కగా బతికేస్తారు. మూడో పేజీలో ఆ నాలుగు పాదాల మీద పెన్సిళ్ళు గీతలు కొట్టాయి. ఆ కాగితాలు జిరాక్సు తీయించి, పిన్నులు కొట్టి తెచ్చింది ఆమే. దర్జీ పెద్దమ్మ మాత్రం గీత కొట్టలేదు. "కళ్ళజోడు మర్చిపోయానయ్యా" అంది. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది.

శంఖంలో పోస్తేనే తీర్థం అంటారు. అవే నీళ్ళు చెంబులో ఉంటే చేతులు కడుక్కుంటారు. ఇంటికి నడుస్తూ ఆమె అదే అనుకుంది. మొగుడు పక్కనే ఈల వేస్తూ నడిచాడు, మెట్ల దాకా.

కచేరీ రోజు సాయంత్రం, వేదిక వెనక సన్నటి నడవాలో, ఒకదాని మీద ఒకటి పేర్చిన కుర్చీల పక్కన ఆయన మెడ ముందుకు చాచి నిలబడ్డాడు. ఆమె కాలర్ సర్దింది. ఆ నాలుగు పాదాల కోసం కాళ్ళావేళ్ళా పడే ఉద్దేశం ఆమెకు లేదు. కానీ ఇవ్వాళ ఆయనకు తన ఊపిరి అరువివ్వకూడదని మాత్రం తీర్మానించుకుంది. చెప్పకుండా చెయ్యడానికి మనసొప్పలేదు. వెనక నుంచి దెబ్బ తీసిందన్న మాట పడటం ఇష్టం లేదు.

"ఇవాళ నేను అందుకోను" అంది.

"ఏం అందుకోవు? నీళ్ళ సీసానా? సంచిలో పెట్టావా లేదా?"

"మీ స్వరం. మీరు భుజం లేపినప్పుడు నేను అందుకోను. ఇరవై నాలుగూ మీరే పట్టండి."

ఆయన అర్థంకానట్టు చూశాడు. తరవాత నవ్వాడు, ప్రేమగానే. "నువ్వేం అందుకుంటావే! వెనకాల అందరితోపాటు మూలుగుతావు, అంతేగా. భయపడకు. నీవల్ల పాటకేం కాదు."

ఆమె ఆ కళ్ళలోకి చూసింది. అబద్ధం కోసం వెతికింది. మొగుడి అబద్ధాలు ఆమెకు చొక్కా సైజులా కొట్టినపిండి. ఇది అబద్ధం కాదు. ఈయనకు నిజంగానే తెలియదు. పన్నెండేళ్ళుగా ఆయన భుజం లేపడం, స్వరం ఆగకపోవడం, అది తన గొప్పే అనుకోవడం. గ్లాసు కడగబడినట్టే, దుప్పటి మడతపడినట్టే. దొంగనైనా భరించవచ్చు, దొంగకు కనీసం సొమ్ము ఎవరిదో తెలుసు. అప్పటిదాకా ఆమెకు లోపల కొంచెం భయం, కొంచెం జాలి ఉండేవి. కాలర్ మీంచి చేతులు దించేసరికి రెండూ లేవు.

హాలు నిండింది. ముందు వరుసలో అత్తగారు శాలువా కప్పుకుని, పక్కవాళ్ళకు తుమ్ముల కథ చెబుతోంది. మూడు పాటలు అయిపోయాయి. చివరి పాటలో అందరూ హమ్‌లోకి దిగారు. పళ్ళ డాక్టరు చెయ్యి ఎత్తాడు. మొగుడు ఛాతీ విరుచుకుని స్వరం అందుకున్నాడు. బాగుంది. ఆయన గొంతు బాగుండదని ఆమె ఎప్పుడూ అనలేదు.

ఎనిమిది. తొమ్మిది. పదో లెక్కకు ఎడమ భుజం లేచింది.

ఆమె గొంతు అలవాటు కొద్దీ కదలబోయింది. పళ్ళు బిగబట్టింది. స్వరం ఉండవలసినచోట గొయ్యి పడింది. ఆ గోతిలోంచి ఆయన ఊపిరి లాగిన చప్పుడు, తూటుపడిన సైకిల్ పంపు చప్పుడు, చివరి వరుస దాకా వినిపించింది. కంగారుగా మళ్ళీ పట్టుకున్నాడు. గొంతు చీలింది. పదిహేనో లెక్కకు భుజం మళ్ళీ లేచింది. మళ్ళీ ఖాళీ.

"మావాడికి దిష్టి తగిలిందమ్మా!" అంది ముందు వరుసలోంచి అత్తగారు, అందరికీ వినపడేలా.

అప్పుడాయన, జనం ముందు, పాట మధ్యలో, వెనక్కి తిరిగాడు. తన వెనక ఎవరు నిలబడతారో పన్నెండేళ్ళలో మొదటిసారి చూశాడు.

ఆమె ఆయన వైపు చూడలేదు. ఎదురుగా పళ్ళ డాక్టరు చెయ్యి గాలిలో ఆగిపోయి ఉంది. ఎవరూ చెప్పకుండానే డాక్టరు నోరు బాగా తెరిచాడు. హమ్ ఒక్కొక్క గొంతూ రాలిపోతూ పలచబడుతోంది. దర్జీ పెద్దమ్మది మాత్రం ఆగలేదు. ఆగకపోగా కాస్త పెరిగింది.

పాడనా అని అడగడానికి ఇక ఎవరూ మిగల్లేదని ఆమెకు అర్థమైంది. పొట్ట నిండా ఊపిరి తీసుకుని, గీత కొట్టేసిన మొదటి పాదం ఎత్తుకుంది. తన గొంతు ఇంత లోతుగా ఉంటుందని ఆమెకే కొత్త. ఇన్నాళ్ళూ అది వేరొకరి రంగులో ఉండేది. పాదం చివరికొచ్చేసరికి గుక్క అయిపోయింది. ఆమె ఆపింది. భుజం దాచలేదు, చప్పుడు దాచలేదు. హాలంతా, ముందు వరుసా, వెనక్కి తిరిగిన మొగుడూ, అందరూ ఆమె కోసం ఆగారు. ఆమె తీరిగ్గా ఊపిరి తీసుకుంది.