పద్నాలుగో ప్రశ్న

ఒక్కటే సీటు. బెంగళూరులో ఒక సంస్థ సైకాలజీనీ న్యూరోసైన్స్‌నీ కలిపి పీహెచ్‌డీ చేయిస్తుంది. అయినవాళ్లు పోయాక మనిషి మెదడులో ఏం జరుగుతుందో చూడటానికి ఈ ఏడాది ఒక్కరినే తీసుకుంటామన్నారు. ఐదేళ్లు ఫెలోషిప్. మెదడును స్కాన్ చేసే మిషన్ వాళ్ల బిల్డింగ్‌లోనే ఉంది. ఇంటర్వ్యూకు ఆరుగురిని పిలిస్తే అందులో నేనొకదాన్ని. సూర్యాపేటలో చదివి, మూడుసార్లు నెట్ రాసి, మూడోసారి గట్టెక్కిన కరుణను. ఇరవై తొమ్మిది దాటాయి. ఆ సీటు వస్తే బతుకు ఒక దారిన పడుతుంది. రాకపోతే ఇక్కడే ఏదో ఒక జూనియర్ కాలేజీలో, సైకాలజీ అంటే ఎదుటివాడి మనసులో ఏముందో కనిపెట్టి చెప్పడం అనుకునే ప్రిన్సిపల్ కింద పనిచేయాలి.

పిలుపు వచ్చిన రోజు నాకు సంతోషం కలగలేదు. మెయిల్ చదివి, చాయ్ పెట్టుకుని తాగాను. పొగరనుకోవద్దు. అప్పటికి నాలుగు నెలలుగా నాకు ఏదీ కలగడం లేదు.

మా అక్క ప్రశాంతి జూలైలో పోయింది. కోదాడలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచరు, అక్కడే గది కిరాయికి తీసుకుని ఉండేది. తలలో నరం చిట్లింది. పదకొండు రోజులు దవాఖానలో ఉండి పోయింది. నాన్న మా చిన్నప్పుడే పోయాడు కాబట్టి ఇల్లంటే అమ్మ, అక్క, నేను, అంతే. ఆ రోజు అమ్మ గుండెలు బాదుకుంది, పక్కింటివాళ్లు ఏడ్చారు, అంబులెన్సు డ్రైవరు కూడా కళ్లు తుడుచుకున్నాడు. నేను ఏడవలేదు. స్కాన్ ఫిల్ముల కవరు చంకలో పెట్టుకుని, వచ్చినవాళ్లకు కుర్చీలు వేశాను. "రాయి పిల్ల" అంది మిర్యాలగూడ నుంచి వచ్చిన పెద్దమ్మ, నా వెనకే నిలబడి. గొంతు తగ్గించి అనాలన్న తెలివి కూడా లేదామెకు. దినాలైపోయాక అమ్మ రోజూ అడిగేది.

"ఒక్కసారి ఏడ్వు బిడ్డా. లోపట వెట్టుకుంటే పానం ఖరాబైతది."

లోపల ఏదైనా ఉంటే కదా.

ఆ నెలలోనే ఫారం వచ్చింది. నాకు ఎంఏలో పాఠం చెప్పిన నగేష్ సార్‌కు బెంగళూరు వాళ్లు ఒక చిన్న సర్వే అప్పజెప్పారు. ఇంట్లో చావు జరిగి ఏడాది దాటని మనుషుల్ని ఇరవై ప్రశ్నలు అడగాలి. ఇంగ్లిషు ఫారాన్ని తెలుగు చేసే పని సార్ నాకిచ్చాడు. పని ఉంటే మనిషి మర్చిపోతుందని ఆయన ఆలోచన.

పంతొమ్మిది ప్రశ్నలు సాఫీగానే సాగాయి. పద్నాలుగోది మొండికేసింది. ఇంగ్లిషులో అది ఒక్క మాట, నంబ్. మనిషి పోయాక దుఃఖం కూడా తెలియకుండా పోయిందా అని అడుగుతుంది. సార్ "భావశూన్యత" అన్నాడు. ఆ మాట ఊళ్లో అంటే ఏదో కొత్త పథకమనుకుని ఆధార్ కార్డు తెస్తారు. "మనసు మొద్దుబారింది" అని రాసి కొట్టేశాను. మొద్దు అన్నామని గొడవకొచ్చినా రావొచ్చు. చివరికి నాకెట్లుందో అదే రాశాను: "మీకు తిమ్మిరిగా అనిపిస్తుందా?"

చిన్నప్పుడు అక్క నా తొడ మీద తలపెట్టుకుని పడుకుని చదివేది. కాలు తిమ్మిరెక్కి నేను మొత్తుకుంటే, వేలు నాలుకకు తడి చేసుకుని నా కాలి బొటనవేలి మీద ఇంటూ గుర్తు గీసేది. "తప్పు వెట్టిన. ఇగ పోతది" అనేది. అప్పటినుంచే టీచరు ఆమె. ఇప్పుడు నేను మొత్తంగా ఆ కాలులాగే ఉన్నాను. గిచ్చినా నాది కాదు.

తర్జుమా సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఒక పద్ధతి ఉంటుంది. మన తెలుగును ఇంకొకరెవరైనా తిరిగి ఇంగ్లిషులోకి మార్చాలి. సార్ పాత స్టూడెంటు ఒకాయన మార్చి పంపాడు. పద్నాలుగో ప్రశ్నలో మొదటి ఇంగ్లిషు మాటే మళ్లీ వచ్చింది. అక్షరం తేడా లేదు. "శభాష్" అన్నాడు సార్.

తిరుమలగిరి, చిలుకూరు, పెద్దవూర మండలాల్లో ఆశా వర్కర్లు ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపించారు. నేను గడప దాటకుండా, వచ్చినవన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. రెండొందల నలభై మందిలో రెండొందల పదమూడు మంది పద్నాలుగో ప్రశ్నకు "అవును" అన్నారు. ఏ దేశంలోనూ ఇంతమంది అనలేదట. బెంగళూరు వాళ్లు ఎగిరి గంతేశారు. నన్ను ఇంటర్వ్యూకు పిలిచింది నా మార్కులు చూసి కాదు, ఆ రెండొందల పదమూడు చూసి. ఫారం నింపినవాళ్లలో ఒకరి గొంతు ఐదు నిమిషాలు రికార్డు చేసి పెట్టుకోమన్నారు.

ఇంటర్వ్యూకు రెండు రోజుల ముందు, మంగళవారం, తిరుమలగిరి బస్సెక్కాను. అక్కడి ఆశా వర్కర్ రేణుకమ్మ నన్ను ఈదయ్య ఇంటికి తీసుకుపోయింది. అరవై ఏళ్ల మనిషి. భార్య పోయి ఎనిమిది నెలలు. ముంగిట్లో పత్తి కుప్ప పక్కన కూర్చుని ఉన్నాడు. నేను ఫోన్ ఆన్ చేసి పద్నాలుగో ప్రశ్న అడిగాను.

"తిమ్మిరా? లేకుంటెట్ల బిడ్డా! పొద్దుగాల్నుంచి కలుపు కాడ కూసుంటే, లేసేటప్పుడు రెండు కాళ్లు నాయి కావు. గీ సర్వేల తిమ్మిర్ల సంగతి అడిగిండ్రని మా వాడ వాడంత సంబరపడ్డది. గోలీలు ఎప్పుడిస్తరు?"

నేను రేణుకమ్మ వైపు చూశాను. ఆమె తన మోకాలు ఒత్తుకుంటూ, "నాకు గూడ ఇప్పియ్యండి మేడం" అంది.

"కాళ్ల సంగతి కాదు పెద్దయ్యా. పెద్దమ్మ పోయినంక నీ మనసెట్లున్నది?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "గది నువ్వడగలే గద" అన్నాడు. తర్వాత మెల్లగా, "దాని రంది పొద్దుమూకులుంటది" అని తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడుచుకున్నాడో.

ఇంకో తొమ్మిది ఇళ్లు తిరిగాను. కాళ్లు, చేతులు, నడుము, ఒకామెకు ఎడమ చెంప. నా రెండొందల పదమూడు మందీ కలుపు తీసి తీసి కాళ్లు తిమ్మిరెక్కిన జనం. తప్పు వాళ్లది కాదు, సూర్యాపేటలో తలుపేసుకుని కూర్చుని నా బాధను మూడు మండలాలకు అంటగట్టిన నాది.

తిరిగి వస్తుంటే రేణుకమ్మ ఒక ఇల్లు దాటేసింది. ఎవరిదని అడిగాను. "రుక్కమ్మది. మొగుడు జానయ్య వానకాలంల పోయిండు. ఆమెకేం బాధ లేదు మేడం, ఇరవైటికి ఇరవై లేదనే రాయించింది." లెక్కలో ఆమె అందరికంటే ఆరోగ్యవంతురాలు. నేనే లోపలికి వెళ్లాను.

రుక్కమ్మ చాయ్ ఇచ్చింది. పీట మీద కూర్చుని ఎదురుగా గోడను చూస్తోంది. కాళ్లు తిమ్మిరెక్కవా అవ్వా అన్నాను, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

"తిమ్మిరెక్కితే ఎక్కిందని ఎర్కైతది గద బిడ్డా. నాకు గదిగూడ ఎర్కైతలేదు. గీమె అచ్చి బాధున్నదా అనడిగింది, లేదన్న. నిద్రవట్టదా అన్నది, ఏమో, లేదన్న. చాయ్ల సక్కెర ఏసిన్నో లేదో గూడ తెలుస్తలేదు. తాగి నువ్వే సెప్పు."

గ్లాసు చూసుకున్నాను. అప్పటికే సగం తాగేశాను. అందులో చక్కెర లేదని ఆమె అడిగాకే తెలిసింది. ఫోన్ ఆన్ చేయాలన్న సంగతి కూడా గుర్తు రాలేదు.

బస్టాండ్ నుంచి సార్‌కు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"ఎవరికన్న సెప్పినవా?"

"లేదు సార్."

"సెప్పకు. ప్యానెల్ల తెలుగొచ్చినోళ్లు ఒక్కరు లేరు. ముందు సీటు రానీ, ఆడికి పోయినంక తీరుబడిగ సరిచేసుకుందువు. నా మాట ఇను కరుణా, ఇసుంటి ఛాన్స్ మళ్లొస్తదా?"

రాదు. అది నాకూ తెలుసు. సరే సార్ అని పెట్టేశాను. తప్పు చేస్తున్నానన్న బెరుకు కూడా కలగలేదు. కలిగితే బాగుండునని మాత్రం అనుకున్నాను.

మా గల్లీలో డ్రైనేజీకి తవ్వుతున్నారు, ఆ చప్పుడులో ఆన్‌లైన్ ఇంటర్వ్యూ కుదరదు. అందుకని గురువారం పొద్దున్నే కోదాడలో అక్క గదికి వెళ్లాను. సామాను ఇంకా తీసుకురాలేదు. తీయడానికి అమ్మకు చేతులు రాలేదు, నాకు గుర్తే రాలేదు. ఇంటి ఓనరు స్వరాజ్యలక్ష్మి ఆంటీ తాళం తీసి, "నీ ఇష్టమొచ్చినంతసేపు ఉండమ్మా, నేను వరండాలోనే ఉంటాను" అని వెళ్లింది. మంచం మీద ఎడమకాలు మడిచి కిందపెట్టుకుని కూర్చున్నాను. ల్యాప్‌టాప్ కింద ఎత్తుకు అక్క దిద్దుతూ వదిలేసిన స్లిప్ టెస్ట్ పేపర్ల కట్ట పెట్టాను.

ప్యానెల్లో ముగ్గురు. మాట్లాడింది ఇంగ్లిషులో. మొదటి అరగంట అంతా బాగానే సాగింది. స్కాన్‌లో ఏ భాగం చూడాలో చెప్పాను, ఎందుకో చెప్పాను. మధ్యలో కూర్చున్న జుట్టు నెరిసిన మేడం నవ్వుతూ, "ఇక మన పద్నాలుగో ప్రశ్న" అంది. "ఆ రెండొందల పదమూడు మందిని పక్కన పెట్టు. మిగతా ఇరవై ఏడు మంది గురించి చెప్పు. వాళ్లు ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కదా. వాళ్లను పోలికకు వాడుకుందామా?"

అవునండీ అంటే చాలు. నోరు తెరిచాను కూడా. అప్పుడు నాకు కోపం వచ్చింది. రుక్కమ్మను తీసుకుపోయి, ఆరోగ్యవంతుల వరసలో నిలబెట్టి, ఆమె మెదడు పక్కన ఈదయ్య మెదడు పెట్టి చూస్తారా? నాలుగు నెలల్లో నాకు కలిగిన మొదటి సంగతి ఆ కోపం. ఎవరి మీదో తెలియదు. బహుశా నా మీదే.

"మేడం, నేను వాడిన తెలుగు మాట తిమ్మిరి" అన్నాను. "కాలు మడిచి కూర్చుంటే ఎక్కేది. ఆ రెండొందల పదమూడు మంది పొలంలో పనిచేసి కాళ్లు తిమ్మిరెక్కినవాళ్లు. మీరు అడగాలనుకున్న మనిషి ఆ ఇరవై ఏడులో ఉంది. అన్నిటికీ లేదంది. మీరు ఆ ఫారం నాకిచ్చినా అన్నిటికీ లేదనే రాస్తాను."

ముగ్గురిలో ఒకాయన నవ్వబోయి ఆగిపోయాడు. మేడం కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది. "నువ్వెందుకు రాస్తావు?" అంది.

"మా అక్క పోయింది మేడం. జూలైలో."

ఆమె చాలాసేపు ఏదో రాసుకుంది. తర్వాత, "నువ్వు నిజం చెప్పావు, అందుకు థాంక్స్. కానీ చేతిలో డేటా లేకుండా నీకు సీటు ఇవ్వలేను. వచ్చే ఏడాది ఈ సీటు ఉంటుందని మాట కూడా ఇవ్వలేను" అంది. అర్థమైందన్నాను. స్క్రీన్ నల్లబడింది.

సీటు పోయింది. బతుకు పడాల్సిన దారి అంతటితో మూసుకుంది. ఎప్పటిలాగే ఏమీ అనిపించలేదు. ల్యాప్‌టాప్ మూసి లేవబోయాను. ఎడమకాలు లేదు. నేల తగిలినట్టే అనిపించక, పేపర్ల కట్టతో సహా కింద పడ్డాను. చప్పుడుకు ఆంటీ పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో, ఏమైందమ్మా?"

"తిమ్మిరి ఆంటీ."

"హమ్మయ్య, ఇంకేమో అనుకున్నాను. కదలకుండా ఉండు, వదిలేటప్పుడు గుంజుతుంది" అంటూ ఆమె నా పక్కన చతికిలబడింది. నా పాదం ఒళ్లోకి తీసుకుంది. చూపుడువేలు నాలుకకు తడి చేసుకుని, నా బొటనవేలి మీద ఇంటూ గుర్తు గీసింది.

"మీ అక్క నేర్పింది నాకు" అంది. "నాకు మోకాళ్ల నొప్పులు కదా, కూర్చుంటే లేవలేను. రోజూ స్కూలు నుంచి రాగానే వచ్చి గీసేది. తప్పు పెట్టాను ఆంటీ, ఇక పోతుంది అనేది. పోయేది కాదనుకో. అయినా గీయించుకునేదాన్ని."

కాలిలోకి రక్తం పాకుతోంది. మడమ నుంచి పైకి సూదులు గుచ్చుతున్నాయి. నేల మీద చెల్లాచెదరైన పేపర్ల నిండా ఎర్రసిరా రైట్లు, ఇంటూలు. సగం కట్ట దిద్ది ఉంది, సగం లేదు. నా గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. నాదని ముందు నేనే గుర్తుపట్టలేదు. ఆంటీ పాదం వదల్లేదు.

అంతలో అమ్మ ఫోన్. ఆంటీయే నొక్కి నా చెవి దగ్గర పెట్టింది.

"ఏమాయె బిడ్డా? సీటు అచ్చిందా?"

"రాలే అమ్మా."

మిగతాది చెప్పలేకపోయాను. అమ్మ కాసేపు విన్నది. "ఏడుస్తున్నవా?" అంది. ఆ గొంతులో భయం లేదు. నాలుగు నెలలుగా ఎదురుచూస్తున్న మనిషి వచ్చాడని కబురు విన్నప్పుడు ఉండే గొంతు అది.

"సీటు రాలేదనా?"

"గాదు."

అమ్మ ఇంకేమీ అడగలేదు. ఫోను పెట్టేయనూ లేదు.