చక్రానికి పెట్టిన బొట్టు

యాడికిలో వీరేష్ ఫోటో స్టూడియో అంటే తెలియని వాళ్లు లేరు. పోయిన ఎండాకాలం దుమ్ము దూరి లెన్సులో ఆటోఫోకస్ చచ్చిపోయింది. అప్పటి నుంచి చేత్తో రింగు తిప్పుకుంటూ ఫోకస్ చేస్తున్నాడు. అసలు పనితనమంటే ఇదేనని వచ్చిన వాళ్లందరికీ చెప్పుకునేవాడు. యాభై దగ్గర పడుతున్నా తన కంటికి అద్దాలు అక్కర్లేదన్న ముక్క అడక్కుండానే కలిపేవాడు.

దసరా వెళ్లగానే ఆ గొప్పంతా గంగలో కలిసింది. భార్య సువర్ణకు అన్న అయిన బయ్యన్న పొలాలూ రాజకీయమూ రెండూ ఉన్న మనిషి. ఆయన పుట్టినరోజుకు వీరేష్ తీసిన ఫోటోతో సర్కిల్లో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో బయ్యన్న మొహం వేడి పెనం మీది వెన్నముద్దలా ఉంది. వెనక కొండ మీది గాలిమర మాత్రం రెక్కరెక్కా స్పష్టంగా వచ్చింది. ఊరంతా గాలిమరకే పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పింది.

ఇప్పుడు బయ్యన్న కూతురు త్రివేణి పెళ్లి. ఫోటోలు తన మొగుడే తీస్తాడని సువర్ణ పుట్టింట్లో ముందే మాటిచ్చేసింది.

"ఏమప్పా వీరేషా, నా మొగం పోతే పోనీ, ఓట్లేసేటోళ్లకు నేను తెలుసు. పెండ్లికూతురి మొగం పోతే ఎట్ల? ఈ పొద్దు పాపకు ఒక ఫోటో తియ్యి. బాగొస్తే పెండ్లి నీదే. లేదంటే గుత్తి ఫోటోల వాళ్లకు ఫోన్ చేస్తా" అన్నాడు బయ్యన్న.

ఇచ్చిన మాట పోతే అన్నావదినల ముందు సువర్ణకు తలెత్తుకునే దారి లేదు. ఆ సంగతి వీరేష్‌కు తెలుసు కాబట్టే వెంటనే కెమెరా అందుకున్నాడు.

బయ్యన్న ఇంటి ముందు ఆరబోసిన శనక్కాయల పక్కన, ధర్మవరం పట్టుచీరలో త్రివేణి నిలబడింది. వీరేష్ రింగు ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"గాలి తోలుతాండాదమ్మా, కదలొద్దు."

"గాలి యాడుండాది మామా?"

"అయితే ఎండ."

"మనకు ఎండ లేంది ఎప్పుడు?"

వసారా నీడలోకి వెళ్లి బయ్యన్న కెమెరా తెర మీద ఫోటోలు పెద్దవి చేసి చూశాడు. "శనక్కాయలు బ్రహ్మాండంగా వచ్చినాయప్పా. మార్కెట్టుకు పంపచ్చు" అని జేబులోంచి ఫోన్ తీశాడు.

"కండ్లద్దాలు పెట్టుకోమంటే ఇంటివా?" అంది సువర్ణ మెల్లగా.

"నా కండ్లకేమే రోగం?" అని వీరేష్ మొహం దాచుకోవడానికి కెమెరా కంటికి ఆనించాడు. లోపల అడుగున కనిపించే అంకెలు కూడా అలికేసినట్టున్నాయి. ఆ అంకెలకు లెన్సుతో పని లేదు, గాలితో అసలే లేదు. తప్పు తన కంటికీ ఆ చిన్న అద్దానికీ మధ్యే ఉంది. కెమెరా తిప్పి చూశాడు. చూపుకు తగ్గట్టు సవరించుకునే బుల్లి చక్రం పళ్ల సందుల్లో ఎండిన కుంకుమ ఉంది.

"ఈడ బొట్టెవరు పెట్టినారు?"

"నేనే, ఆయుధ పూజకు. అద్దానికి పెట్టొద్దని నువ్వే అంటివి గదా. స్కూటరు చక్రాలకు పెడితి, దీనికీ ఒక చక్రముండాదని పెడితి. మళ్లా తడిగుడ్డతో బాగా తుడిసినా."

"బాగా తుడిసినావు తల్లీ! తుడిసి తిప్పేసినావు! బావా, ఫోన్ ఆపు! నా కండ్లు కాదు, అంతా నీ చెల్లెలి భక్తి!"

ఎగిరి గంతేసినంత పని చేసి, సువర్ణను అరుగు మీద కూర్చోబెట్టి చక్రం వెనక్కి తిప్పాడు. ఎప్పుడూ ఉండే నడిమి గీత దగ్గరికి వచ్చింది. అంకెలు కాస్త మెరుగయ్యాయి, అంతే. ఇంకొంచెం తిప్పాడు. గీత దాటి, దాదాపు చివరిదాకా పోయాక గానీ అంకెలు స్పష్టంగా కనబడలేదు. కళ్లు బాగుంటే గీత దగ్గరే ఆగాలని వీరేష్‌కు తెలుసు. గంతు సగంలోనే ఆగిపోయింది.

రింగు తిప్పాడు. సువర్ణ మొహం తేటగా తేలి వచ్చింది. కళ్ల కింద సన్నని ముడతలు, పాపిట పక్కన తెల్లని పాయ.

"నీ తల ఎప్పుడు నెరిసిందే?"

"మూడేండ్లాయ."

"నాకు చెప్పలేదే?"

"దినామూ నీ ముందరే తిరుగుతాండా గదప్పా."

వీరేష్‌కు సిగ్గు వేసింది. ఇన్నాళ్లూ ఊరందరికీ తన చూపు గొప్ప చెప్పుకున్నాడు, ఇంట్లో మనిషిని చూడలేదు. ఆమెను ఒక ఫోటో తీసుకుని, తర్వాత త్రివేణిని పిలిచాడు.

ఈసారి జరీ పోగులు విడివిడిగా వచ్చాయి, పిల్ల కనురెప్పల వెంట్రుకలూ వచ్చాయి. బయ్యన్న ఎంత పెద్దది చేసి వెతికినా వంక దొరకలేదు. "సరేలేప్పా, పెండ్లి నీదే" అన్నాడు. సువర్ణ అన్న వైపు తలెత్తి చూసింది.

వీరేష్ కెమెరా దించాడు. భార్య మొహం మళ్లీ మసకైంది.

"బావా, ఫోన్ చేతిలోనే ఉండాది గదా, గుత్తికే చెయ్యి" అన్నాడు. "కండ్ల డాక్టరుకు."