తుంటి మీద కొడితే

డోన్‌లో కిరాణా అంగడి నడిపే నాగసుబ్బయ్యకు మిక్సీలో వేసిన ఊరిబిండి పచ్చడి గొంతు దిగదు. చెనిక్కాయలు రోట్లోనే నూరాలి. నూరాల్సింది మాత్రం భార్య రాజ్యలక్ష్మమ్మ.

ఆర్నెల్లుగా రోటి ముందు కూర్చుంటే చాలు, ఆమెకు కుడి మోకాలు పీకేస్తోంది. ఎక్స్‌రే తీయిస్తే మోకాలు నిక్షేపంగా ఉందన్నారు. నాగసుబ్బయ్య ఆ ఎక్స్‌రేను అంగట్లో క్యాలెండరు పక్కన తగిలించి, బెల్లానికొచ్చినోళ్లకూ చింతపండుకొచ్చినోళ్లకూ చూపించాడు. "చూడప్పా, నాటకాలాడే మోకాలు ఎట్లుంటాదో!"

మోకాలికన్నా ఆ మాటే ఆమెను ఎక్కువ పొడిచింది.

కర్నూల్లో డాక్టరు చదువుతున్న మేనకోడలు అమూల్య సెలవులకొచ్చి, అత్తను చాపమీద పడుకోబెట్టింది. నాగసుబ్బయ్య సినిమాకొచ్చినట్టు కుర్చీ లాక్కున్నాడు.

ఇప్పుడు నమ్మించకపోతే ఇంకెప్పుడూ నమ్మరని రాజ్యలక్ష్మమ్మ ఆత్రం. కాలిమీద చెయ్యి పడిందో లేదో, "అమ్మో, చస్తినే!" అని కేక పెట్టింది.

"అత్తా, ఇది ఎడమకాలు."

నాగసుబ్బయ్య తొడ చరిచి నవ్వాడు. "చూస్తివా అమ్మీ? నేనేం చెప్తాండా?"

ఆమె సిగ్గుతో కొంగు నోట్లో కుక్కుకుంది. ఇక ప్రాణం పోయినా అరవకూడదు. అమూల్య కుడికాలు పైకి మడిచి, పాదాన్ని మెల్లగా బయటికి తిప్పింది. నోట్లో కొంగు నోట్లోనే ఉంది. కళ్లనుంచి మాత్రం బొటబొటా నీళ్లు కారాయి.

"యాడ నొప్పి?"

"మోకాట్లోనే తల్లీ."

అమూల్య లేచిపోయి ఒట్టి రోట్లో పొత్రాన్ని గరగరా తిప్పింది. "మామా, తొడ ఎముక తల ఈ పొత్రం మాదిరి. తుంటికాడ గుంత ఈ రోలు మాదిరి. నడుమ నున్నటి పొర ఉంటాది. అది అరిగితే ఇదో, ఇట్లే. చెడింది మోకాలు కాదు, తుంటి కీలు."

"తుంటి మీద కొడితే పండ్లు రాలినాయంట! బాగుండాది నీ చదువు."

"తుంటికీ మోకాలికీ పోయే నరం ఒకటే మామా. వీధిలో తీగ తెగితే నీ ఇంట్లో లైటు ఆరిపోదా?"

కర్నూల్లో తుంటికి ఎక్స్‌రే తీస్తే అమూల్య మాటే నిజమైంది. పెద్దడాక్టరు అత్తను నేలమీద కూర్చోనే వద్దన్నాడు. అంగట్లో పాత ఎక్స్‌రే దిగి, రాజ్యలక్ష్మమ్మ చేతులమీదుగా కొత్తది ఎక్కింది.

ఆ ఆదివారం రోటి ముందు నాగసుబ్బయ్యే కూర్చున్నాడు. ఊరిబిండి అయింది గానీ మనిషి లేవలేకపోయాడు.

"ఏమే, మోకాలు పట్టుకున్యాది, చెయ్యియ్యి!"

కుర్చీలోంచి వంగి, ఊరిబిండి వేలితో నాకి చూసి, రాజ్యలక్ష్మమ్మ అంది: "ఉప్పు సాలలేదు. ముందు ఏ కాలో సరిగ్గా చూసుకోని చెప్పండి."