స్టీరింగ్‌లో తువ్వాలు

మా తమ్ముడి సంచి నేనే సర్దాను. చొక్కాలు ఆరు, ప్యాంట్లు నాలుగు, గడ్డం గీసుకునే సామాను, బీపీ మాత్రలు. అంత కోపంలోనూ చొక్కాల మడత నలగనివ్వలేదు. అదెందుకో నాకే తెలీదు. అన్నిటికన్నా పైన, తెరవగానే కనపడేలా, తువ్వాలు ముక్క పెట్టి జిప్పు లాగాను.

వాడు గుమ్మానికి ఆనుకుని చూస్తున్నాడు.

"నిజంగానే పంపించేస్తున్నావా అక్కా?"

"లేదురా, పొద్దుపోక సర్దుతున్నా."

వాడికి అప్పుడు యాభై ఎనిమిది. పాత కార్లు కొని అమ్మే బేరం వాడిది. ఇక ఇంటికి రావద్దని భార్య తలుపేసుకున్నాక మూడేళ్ళుగా మా ఇంట్లోనే, పెరటి వైపు గదిలో ఉంటున్నాడు. మా ఇల్లంటే నేనూ, మా అమ్మాయీ. అది ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది. ఆ వచ్చే సోమవారం నుంచి ఇంకో పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగానికి చేరాలి. పోనూ రానూ ఎనభై కిలోమీటర్లు, అంతా పెద్ద రోడ్డే.

దానికి చిన్నప్పటి నుంచీ ఒకటే పిచ్చి. చిన్న కారు కావాలి, కానీ ఉరకాలి. ఎర్రగా ఉండాలి, వెనక రెక్క ఉండాలి. అంతకు పది రోజుల క్రితం వాళ్ళ మావయ్య అలాంటిదే పట్టుకొచ్చి వాకిట్లో నిలబెట్టాడు. ముందు ఒక్క యజమాని చేతిలోనే ఉందట. లావు టైర్లు, నేలకి ఆనుకున్న పొట్ట, స్టార్ట్ చేస్తే గుర్రుమనే గొంతు. అమ్మాయికి నచ్చింది. నన్ను ఎక్కించింది. అందులో కూర్చోవడమంటే గోతిలోకి దిగడమే. పైకి లాగడానికి ఇద్దరు కావలసొచ్చారు.

"ఇది ముసలివాళ్ళ కోసం చేసింది కాదమ్మా," అంది నవ్వుతూ.

"మరి మా కోసం చేసిందేంటే, స్ట్రెచరా?"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

నేను బడికి వెళ్ళలేదు. మందు సీసాల మీద, బస్సుల మీద, పొట్లం కట్టిన కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఇప్పటికీ ఏది దొరికినా చివరిదాకా చదవందే వదలను. చదవకుండా వదిలేసిన పేజీలోనే ఆపద రాసుంటుందని నా భయం. ఊరికే వచ్చిన భయం కాదు. అమ్మ నన్నూ వీణ్ణీ పిన్ని ఇంటి మెట్ల మీద కూర్చోబెట్టి, సాయంత్రానికి వస్తానని వెళ్ళిపోయింది. నాకు పదకొండేళ్ళు, వీడికి నాలుగు. మా ఆయన గొడుగు మర్చిపోయి పనికెళ్ళాడు. ఆ గొడుగు కోసం కూడా వెనక్కి రాలేదు. కాబట్టి ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా ముందు నాకు గుండె దడ.

బండితో వచ్చిన పుస్తకం మూడు రోజులు చదివాను. నలభై రెండో పేజీలో ఒక మాట ఉంది. తాళం తిప్పగానే అన్ని దీపాలతో పాటు ఒక ఎర్ర దీపం వెలగాలి. కూర్చున్న మనిషి ముందు గుండ్రటి బంతి, అదీ దాని బొమ్మ. ఆరు సెకన్లుండి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఎయిర్ బ్యాగ్ పనిచెయ్యనట్టే, బండి నడపకండి అని రాసుంది. ఎయిర్ బ్యాగ్ అంటే బండి గుద్దుకున్నప్పుడు స్టీరింగ్‌లోంచి ఉబ్బి గుండెకి అడ్డంపడే గాలిసంచి.

బుధవారం పొద్దున అమ్మాయిని కూర్చోబెట్టి తాళం తిప్పమన్నాను. అన్నీ వెలిగాయి. ఆ ఒక్క బొమ్మ వెలగలేదు. మూడుసార్లు తిప్పించాను.

"దీపం వెలిగితే కదమ్మా భయపడాలి! వెలగలేదంటే అంతా బాగున్నట్టేగా," అంది అది.

"పుస్తకం చదివి మెకానిక్కువైపోయావే అక్కా!" అన్నాడు తమ్ముడు. నవ్వాడు కానీ, తడిలేని చేతులు ప్యాంటుకి రెండుసార్లు తుడుచుకున్నాడు. నాలుగేళ్ళప్పుడు బెల్లం దొంగిలించి కూడా అలాగే తుడుచుకునేవాడు.

మధ్యాహ్నం వాడు లేని సమయం చూసి, అమ్మాయిని సతాయించి బండిని వీధి చివరి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. అతను బ్యాటరీ తీగ విప్పి, స్టీరింగ్ మధ్యలో మూత ఊడదీశాడు.

"సంచి లేదమ్మా. ఈ బండి ఎప్పుడో గట్టిగా గుద్దుకుంది. పేలిపోయిన సంచి తీసేసి, దీపం బల్బు పీకేసి, మూత గలగలమనకుండా గుడ్డ కుక్కారు."

ఆ గుడ్డ లాగి నా చేతిలో పెట్టాడు. సగానికి చింపిన తువ్వాలు. అంచుకి పచ్చదారం కుట్టు. ఆ కుట్టు నాది. రెండు వారాలుగా తీగ మీద కనపడక గాలినీ, కాకుల్నీ తిట్టుకున్న తువ్వాలు అది.

ఇంటికొచ్చేసరికి వాడు భోజనానికి కూర్చున్నాడు. కంచం పక్కన తువ్వాలు పడేశాను.

"నాకేం తెలుసక్కా, కొన్నప్పుడే..."

"ఇది నా తువ్వాలు రా! కొన్నవాడు మన ఇంటికొచ్చి తీగ మీంచి తీసుకెళ్ళాడా?"

అమ్మాయి అప్పటిదాకా ఆ కుట్టు చూడలేదు. "మావయ్యా, నువ్వేనా?" అంది.

వాడు ముద్ద కంచంలోనే వదిలేశాడు. "ఆ సంచి కొత్తది వెయ్యాలంటే ఎంతవుతుందో తెలుసా? నువ్వు ఇవ్వగలిగిన దాంట్లో అలాంటి బండి వస్తుందా? ఎలా వచ్చిందని ఒక్కరైనా అడిగారా? ఎర్రది కావాలంది ఇది, తెచ్చిచ్చా. దీని మొహం చూసి నువ్వూ మురిసిపోయావు కదక్కా!"

అది నిజమే. నిజం కాబట్టే ఇంకా మండింది.

"నీ భుజాల మీద పెరిగిన పిల్ల రా!"

"నడపడం దానికి నేనే నేర్పా. అది గుద్దదు."

"ఎదుటివాడు గుద్దితే?"

వాడు కంచం పక్కకి జరిపాడు. తర్వాత మెల్లగా, "సరే, తప్పే. బండి ఇచ్చెయ్. వారంలో ఇంకెవరికైనా అమ్మేసి మీ డబ్బు మీకు ఇచ్చేస్తా," అన్నాడు.

అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. "పోనీలే అమ్మా. ఇచ్చేస్తానంటున్నాడుగా."

"ఆ గుడ్డ మళ్ళీ అందులోనే కుక్కుతావా?" అని అడిగాను.

"అందరూ చేసేదే అక్కా."

అప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. అప్పటిదాకా వచ్చింది కోపమే కాదు. నా కూతురైతే తప్పు, ఇంకొకరి కూతురైతే బేరమా? బండి తాళం పిడికిట్లో బిగించి, వాడి గదిలోకి వెళ్ళి అటక మీంచి సంచి దించాను.

రాత్రంతా బతిమాలాడు. తెల్లారాక సర్దాను. సంచి గుమ్మం దాకా తెచ్చిపెట్టి ఒక మాట అన్నాను.

"డబ్బు నాకొద్దు. ఇలాంటి బండి ఇంకెవరికీ అమ్మనని చెప్పు. ఆ ఒక్క మాట చెప్పు, సంచి నేనే విప్పుతా."

వాడు వాకిట్లో ఎర్ర బండి కేసి చాలాసేపు చూశాడు.

"నా బతుకే అది కదక్కా. ఆ మాటిచ్చి ఏం తినను?"

"అయితే వెళ్ళు."

గేటు దగ్గర ఆగి జిప్పు కొంచెం తీశాడు. తువ్వాలు ముక్క చూసి మళ్ళీ మూసేశాడు. నేను పిలవలేదు. అమ్మాయి "మావయ్యా" అని పరిగెత్తబోతే రెక్క పట్టుకుని ఆపాను. అది నెలరోజులు నాతో సరిగా మాట్లాడలేదు. బండిని కంపెనీ వర్క్‌షాపులో పెట్టి కొత్త గాలిసంచీ, బెల్టులూ వేయించే డబ్బు కూడేసరికి ఐదు నెలలు పట్టింది. అన్నాళ్ళూ రెండు బస్సులు మారి డ్యూటీకి వెళ్ళింది.

ఇప్పుడు రోజూ అది తాళం తిప్పుతుంటే కిటికీ పక్కన నిలబడి లెక్కపెడతాను. ఆరు అనేసరికి దీపం ఆరిపోతుంది. "ఇక వెళ్ళనా తల్లీ?" అని వెక్కిరిస్తుంది. వెళ్ళమంటాను.

మా తమ్ముడు తిరిగి రాలేదు. వెళ్ళింది మార్చి తొమ్మిదో తేదీ, గురువారం, పొద్దున పదింపావుకి. ఏడేళ్ళయింది.