మ్యాట్ మీద అక్కలుండరు

నూర్తెన్‌కి ముప్ఫైనాలుగు నిండాయి. తొమ్మిదిసార్లు టర్కీ కరాటే చాంపియన్. యూరప్ పోటీల్లో మూడు వెండి పతకాలు తెచ్చింది. బంగారం మాత్రం చేతిదాకా వచ్చి జారిపోతూనే ఉంది. "ఇరవై ఏళ్ళుగా మనుషుల్ని తంతున్నావు. ఆ తన్నులేవో మన తోటలో చెట్లని తన్నుంటే హేజెల్‌నట్ కాయలన్నా రాలేవి కదే!" అని సొంతూరు ఓర్దులో వాళ్ళమ్మ దెప్పుతుంది. దెప్పుతూనే, ప్రతి పోటీకీ, నీళ్ళలా సాఫీగా వెళ్ళి రావాలని అక్కడి ఆనవాయితీ ప్రకారం బస్సు వెనకాల చెంబుడు నీళ్ళు పోసి సాగనంపుతుంది.

ఈసారి జట్టులో చోటు దొరక్కపోతే ఇక యూరప్ మాటే లేదు. అంకారాలో ఎంపిక పోటీలు. సెమీఫైనల్లో ఎదురుపడింది ఎవరనుకున్నారు? దామ్లా! పదకొండేళ్ళప్పుడు ముక్కు చీదుకుంటూ క్లబ్బుకొచ్చి, నూర్తెన్ దగ్గరే ఓనమాలు దిద్దిన పిల్ల. ఇప్పుడు పంతొమ్మిది. నూర్తెన్ తనకి తానే కోచ్, దామ్లాకి కోచ్ కూడా నూర్తెనే కాబట్టి ఆ పూట మ్యాట్ పక్కన కోచ్ కుర్చీలు రెండూ ఖాళీ.

పద్నాలుగు సెకన్లుందనగా నూర్తెన్‌వి నాలుగు పాయింట్లు, దామ్లావి రెండు. అప్పుడు లేచింది దామ్లా కుడికాలు. నూర్తెన్ భుజం దాటి చెంపకి తాకీ తాకనట్టు తాకింది. వంక పెట్టడానికి లేని తన్ను, మూడు పాయింట్లది. కానీ మరుక్షణమే దామ్లా చేతులు రెండూ దించేసి దగ్గరికొచ్చేసింది.

"అయ్యో అక్కా, తగిలిందా?"

కొట్టాక కూడా కాచుకుని నిలబడాలి. లేకపోతే ఎంత మంచి దెబ్బకైనా పాయింటు రాదు. ఆ సంగతి దామ్లాకి తెలీక కాదు. క్లబ్బులో పెద్దవాళ్ళకి దెబ్బ తగిలితే చిన్నవాళ్ళు అలా అడిగి తీరాలి. ఆ మర్యాద నేర్పింది నూర్తెనే. రిఫరీ పాయింటు లేదన్నాడు.

బతికిపోయాననుకుంది నూర్తెన్. అనుకున్నందుకు సిగ్గేసింది. సిగ్గు కాస్తా కోపమైంది.

"ఏమే, నేనేమన్నా మీ ఇంటికొచ్చిన చుట్టాన్నా? ఇక్కడ అక్కా లేదు, తొక్కా లేదు. చేతులెత్తు!"

రిఫరీ ఆమెని మందలించాడు. ఆట మళ్ళీ మొదలైంది. నూర్తెన్ జాలిపడి వదిలిందని ఎవరన్నా అంటే నమ్మకండి. ప్రాణం పెట్టి కాచుకుంది. దామ్లా కుడి మోకాలు కదిలింది, నూర్తెన్ చెయ్యి అటు పోయింది, ఎడమకాలు వచ్చి రెండో చెంపని తాకింది. ఈసారి ఆ పిల్ల ఏమీ అడగలేదు. చేతులు దించకుండా, రిఫరీ ఆపమనేదాకా రెప్ప వెయ్యకుండా నిలబడింది. అయిదు, నాలుగు. టైమైపోయింది.

నూర్తెన్ వంగి నమస్కరించి, స్నానాల గదిలోకి పోయి కుళాయి కింద తల పెట్టి ఏడ్చింది. బంగారం ఇక రాదని ఏడ్చింది. ఆ తన్ను ఎంత బాగుందో తల్చుకుని కూడా ఏడ్చింది.

ఇరవై నిమిషాలకి ఇజ్మీర్ నుంచి వచ్చిన పిల్లతో ఫైనల్. దామ్లా మ్యాట్ అంచున నిలబడి ఖాళీ కుర్చీకేసి చూస్తుండగా, నూర్తెన్ తడిజుట్టుతో వచ్చి అందులో కూర్చుంది.

"అక్కా, నేను..."

"నా మొహం ఏం చూస్తావే? నేను ఓడిపోయా, అయిపోయింది. ఆ ఇజ్మీర్ పిల్ల ఎడమ మోకాలి మీద కన్నేసి ఉంచు, తన్నేముందు అదే కదులుతుంది. ఆ పిల్లని కొట్టకుండా వచ్చావో, నిన్ను నేను కొడతా!"

దామ్లా ముక్కు తుడుచుకుని నవ్వింది. మొదటి పాయింటు పడగానే నూర్తెన్ కుర్చీలోంచి లేచి హాలు మారుమోగేలా అరిచింది. తను గెల్చిన తొమ్మిదిసార్లలో ఒక్కసారి కూడా అలా అరవలేదు.