ఈశ్వర్‌గారి హస్తవాసి

"నా చార్జింగ్ వైరు ఎవరు తీశారు?"

ఈశ్వర్ తువ్వాలు నడుముకి చుట్టుకుని, తల తుడుచుకోకుండానే హాల్లోకి వచ్చి అరిచాడు. ఆఫీసుకి ఇంకా నలభై నిమిషాల టైముంది. ఇంట్లో వైర్లు నాలుగున్నాయి. ఆయనకి మాత్రం పాత ఫోనుతో వచ్చిన ఆ నల్లదే కావాలి.

"నేనే తీశాను. టీవీ పక్కన తెల్లది ఉంది, దాంతో పెట్టుకోండి," అంది సుభద్ర పెనం మీద అట్టు తిప్పుతూ.

"తెల్లదెందుకు? నా వస్తువు నా చోట ఉండాలి. ఈ ఇంట్లో ఒక్కటీ ఉన్నచోట ఉండదు, యార్!"

"మీరు తెచ్చిన పనికే తీశాను."

"నేనేం తెచ్చాను?"

తెచ్చి మూడు రోజులైంది. ఆయన పైఅధికారి శివాజీగారమ్మాయి ప్రీతిది, వీడియో గేము ఆడే డబ్బాతో వచ్చిన చేతి రిమోటు. ఆట డబ్బా ఎప్పుడో పోయిందట, రిమోటు మాత్రం మిగిలింది. దాన్ని కంప్యూటర్‌కి కలిపి ఆడుకోవాలని ఆ పిల్ల కోరిక. ఎన్నిసార్లు వైరు గుచ్చినా కంప్యూటర్ దాన్ని గుర్తించడం లేదు. శంకర్ నగర్‌లో ఒక షాపువాడు రిమోటు చచ్చిపోయిందని తేల్చేశాడు. "ఇలా తే బేటా, నేను చూస్తా," అని ఈశ్వర్ దాన్ని అందుకుని, ఇంటికొచ్చి వంటింటి గట్టు మీద కొత్తిమీర కట్ట పక్కన పెట్టి, మర్చిపోయాడు. మర్చిపోగలగడం కూడా ఒక సుఖమే. అది ఈ ఇంట్లో ఆయన ఒక్కడికే ఉంది.

"ఓ, అదా! దానికి నా వైరే కావాలేటి? అన్ని వైర్లూ ఒకటే."

ఒకటి కావు. ప్రీతి ఇచ్చిన వైరు కరెంటును మాత్రమే మోస్తుంది, లోపల కబురు మోసే తీగలు లేవు. అందుకే రిమోటు దీపం వెలుగుతుంది కానీ కంప్యూటర్‌కి అది అక్కడున్నట్టే తెలియదు. ఈ సంగతి కనిపెట్టడానికి సుభద్రకి ఒక మధ్యాహ్నం పట్టింది. చెబుదామని నోరు తెరిచింది. ఈలోపు అత్తగారు పైడమ్మ పూజ గదిలోంచి అందుకుంది.

"పొద్దుగాలే వైరు కోసం తగువేటే? ఇచ్చీ ఆడిది ఆడికి. మగోడు బయటికెల్లేటప్పుడు మొకం మాడ్చుకుని ఎల్లకూడదు."

సుభద్ర లోపలి గదిలోకి వెళ్లి, రిమోటుకి గుచ్చిన నల్ల వైరు పీకి, తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. పది నిమిషాలు చార్జింగ్ పెట్టుకుని ఆయన దాన్ని సోఫా మీదే పడేసి వెళ్లిపోయాడు.

ఇది వైరు తగువు కాదని ఆమెకి తెలుసు. రైల్వే కాలనీలో ఈశ్వర్‌కి గొప్ప హస్తవాసి ఉందని పేరు. ఆయన చెయ్యి పడితే ఏ వస్తువైనా లేచి కూర్చుంటుందని చెప్పుకుంటారు. పెళ్లై రాయపూర్ వచ్చిన మొదటి ఎండాకాలం, కూలర్ మోటారు నీళ్లు లాగడం మానేస్తే, విజయనగరంలో బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ చదివిన కొత్త కోడలు దాన్ని విప్పి, చెత్త తీసి, తెగిన తీగ అతికించి బిగించింది. కూలర్ తిరిగింది. పక్క క్వార్టర్స్ ఆవిడ వచ్చి "ఎవరు బాగుచేశారు?" అనడిగితే సుభద్ర "నేనే" అనబోయింది. పైడమ్మ మోచేత్తో పొడిచింది. "మా అబ్బాయే సేసినాడమ్మా, ఆడికి సిన్నప్పుట్నించీ ఆ తెలివుంది." ఆవిడ వెళ్లాక తలుపేసి చెప్పింది: "ఇదిగో పిల్లా, ఆడది స్క్రూడ్రైవర్ పట్టిందంటే ఆ ఇంట్లో మొగుడు సేతకానోడనుకుంటారు. పని నువ్వు సెయ్యి, పేరు ఆడికియ్యి. నీదేటి పోనాది?"

ఏం పోయిందో అప్పుడు ఆమెకీ తెలియలేదు. ఇరవై రెండేళ్ల పిల్ల. అత్తగారు చెప్పిన మాటలో మర్యాదేదో ఉందనుకుంది. ఆ తర్వాత అదొక ఆచారమైపోయింది. ఎవరి మిక్సీ ఆగినా, ఎవరి ఇస్త్రీపెట్టె కాలకపోయినా ఈశ్వర్ దగ్గరికే. ఆయన ఆ వస్తువును కళ్ల దగ్గర పెట్టుకుని, రెండుసార్లు ఊపి, "హూఁ" అని, "లోపలికి తీసుకెళ్లి చూడాలి" అనేవాడు. లోపలికి తీసుకొచ్చి ఆమెకిచ్చేవాడు. ఆమె అన్నం వార్చుకుంటూ, పిల్లని ఒళ్లో పడుకోబెట్టుకుంటూ బాగుచేసేది. ఆయన మళ్లీ బయటికి తీసుకెళ్లేవాడు. హాల్లో పొగడ్తలు ఆమెకి వంటింట్లోకి వినిపించేవి. "అరే ఈశ్వర్ భాయ్, కమాల్ కర్ దియా!" ఆ పొగడ్తలకి టీ పెట్టాల్సింది కూడా ఆమే.

మొదట్లో ఆయన సిగ్గుపడేవాడు. తలుపేశాక "థాంక్స్" అనేవాడు. తర్వాత ఆ మాట మానేశాడు. ఆ తర్వాత, ఇదే ఆమెని అన్నిటికన్నా మండించేది, నిజంగా తనే చేశానని నమ్మడం మొదలెట్టాడు. ఒకసారి ఆమె చెల్లెలు ఇంటికొస్తే, ఆమె ఎదురుగానే, వాషింగ్ మెషీన్ బెల్టు తనెలా మార్చాడో చేతులూపుతూ వివరించాడు. బెల్టును తిప్పాల్సిన వైపుకి వ్యతిరేకంగా తిప్పుతూ చెప్పాడు. సుభద్ర వింటూ బఠానీలు ఒలిచింది.

కూతురు స్వాతి భిలాయిలో ఇంజనీరింగ్‌కి వెళ్తూ వదిలిపెట్టిన పాత కంప్యూటర్ లోపలి గదిలో ఉంది. మధ్యాహ్నం పైడమ్మ కునుకు తీసే వేళకి సుభద్ర దాని ముందు కూర్చునేది. నల్ల వైరు గుచ్చగానే కంప్యూటర్ రిమోటును గుర్తుపట్టింది. ఆటలు నడిపే ప్రోగ్రాములో రిమోటు రకం చెప్పి, ఒక్కో మీట ఏ పనికో నిర్ణయించాల్సి వచ్చింది. ఇంటర్నెట్టులో చదివింది, అర్థంకాని మాటలు స్వాతికి ఫోన్ చేసి అడక్కుండా, తనే ఇంకో చోట వెతికి చదివింది. రెండో రోజు విచిత్రం. ఒకసారి మీట నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు పడుతోంది. మెనూలో ఒక అడుగు దిగమంటే రెండు దిగుతోంది. గంటన్నర బుర్ర బద్దలుకొట్టుకుంటే తేలింది, రెండు ప్రోగ్రాములు ఒకేసారి రిమోటు మాట వింటున్నాయి. ఒకదాన్ని మూసేసింది. సరిపోయింది. ఆ క్షణాన ఆమె కుర్చీలోంచి లేచి, గదిలో ఎవరూ లేకపోయినా చుట్టూ చూసింది. చెప్పడానికి ఎవరైనా ఉంటే బావుండుననిపించింది.

సరిచూడాలంటే ఆడాలి. లారీ నడిపే ఆట అది. కుడి బొటనవేలి కిందున్న పుల్లని కదిపితే చూపు తిరుగుతుంది, చూపుడువేలితో నొక్కితే లారీ వేగమందుకుంటుంది. ఎత్తుపల్లాల మీద రిమోటు చేతుల్లో సన్నగా వణుకుతుంది. సుభద్ర జీవితంలో స్కూటీ కూడా నడపలేదు. నేర్చుకుంటానంటే "నేనున్నాగా, నీకెందుకు" అన్నాడాయన. అభన్‌పూర్‌లో చుట్టాలింటికి వెళ్లాలన్నా ఆయన సెలవు చూసుకోవాల్సిందే. ఇప్పుడు ఆమె లారీ ఒక కొండ దాటింది. రెండో కొండ మొదట్లో ఉండగా వెనక నుంచి గొంతు.

"ఓలమ్మో! నడికారు దాటినాక బొమ్మలాటలేటే నీకు? నానింకా లోపల ఏటో పని సేస్తున్నావనుకున్నాను."

"పనే, అత్తయ్యా. ఇది సరిగా కలిసిందో లేదో చూడాలి కదా."

"సూడు, సూడు. మా కాలంలో పనంటే సెమట పట్టేది."

సాయంత్రం ఈశ్వర్‌కి ఆ మాట చేరింది. ఆయన నవ్వాడు. "నేను ఆఫీసులో ఫైళ్లు మోస్తుంటే మేడమ్‌గారు గేములాడుతున్నారన్నమాట!" రిమోటు పనిచేస్తోందని, ప్రీతి వైరొక్కటి మార్చుకోవాలని ఆమె చెబితే "బస్, బస్, తెలుసులే" అని దాన్ని సంచిలో వేసుకున్నాడు.

శనివారం పొద్దున టీ తాగుతూ అసలు కబురు చెప్పాడు. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఖాళీగా ఉన్న గదిలో కంప్యూటర్లు పెడుతున్నారు. కాలనీ పిల్లలు, ఆడవాళ్లు సాయంత్రాలు వచ్చి నేర్చుకుంటారు. ఆ గది చూసుకోవడానికి ఒకరు కావాలి. ఉద్యోగులైనా సరే, వాళ్లింట్లోవాళ్లైనా సరే. పేరు పంపే బాధ్యత శివాజీగారిది.

సుభద్ర చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఒక్క క్షణం, ఇరవై ఏళ్లలో ఒకే ఒక్క క్షణం, ఆమెకి ఆశ కలిగింది. ఇంట్లోవాళ్లైనా సరే అంటున్నాడు. తన పేరే చెప్పి ఉంటాడు.

"సార్ నా పేరే రాస్తానన్నాడు. ప్రీతి రిమోటు చూసి ఏక్‌దమ్ ఖుషీ! రేపు భోజనానికి రమ్మన్నాను. మునగకాడల పులుసు చెయ్యి, రాజశ్రీ మేడమ్‌కి ఇష్టం."

"మీకు కంప్యూటర్ ఆన్ చెయ్యడమే కదా వచ్చు?"

"నువ్వున్నావుగా. ఏదైనా పాడైతే ఇంటికి తెస్తా. కావాలంటే పొద్దున్నే నాకు కాస్త చెప్పి పంపు. ఎవరికి తెలుస్తుంది?"

ఎవరికి తెలుస్తుంది. ఆ మాటే ఆ రోజంతా ఆమెతో బియ్యం ఏరింది, బట్టలు ఆరేసింది. నిజమే, ఎవరికీ తెలియదు. తెలియకుండా కాపాడింది తనే. ఈ దొంగతనానికి తలుపు దగ్గర కాపలా కాసింది కూడా తనే. కోపం ఆయన మీద ఎంతుందో తన మీద అంతకన్నా ఎక్కువుంది. ఆ గదిలో తన పేరుతో కూర్చోవడం ఒక్కటే ఆమెకి కావాలి. ఈసారి వదిలితే ఇక చచ్చేదాకా లోపలి గదే.

ఆదివారం శివాజీగారు, రాజశ్రీ, ప్రీతి వచ్చారు. అలవాటు ప్రకారం మగవాళ్లకీ, అతిథులకీ, పైడమ్మకీ హాల్లో బల్ల మీద విస్తళ్లు పడ్డాయి. సుభద్ర వడ్డిస్తోంది. ప్రీతి ల్యాప్‌టాప్, రిమోటు రెండూ వెంట తెచ్చుకుంది.

"అంకుల్, అసలేమైంది దీనికి? షాపువాడు డెడ్ అన్నాడు కదా."

"లోపల జామ్ అయిపోయింది, బేటా. విప్పి, క్లీన్ చేసి, కొంచెం ఆయిల్ వేశాను."

ప్రీతి ముద్ద నోటి దగ్గరే ఆపింది. "ఆయిలా? ఇందులోనా?" ఆ పిల్ల కళ్లు ఒకసారి ఈశ్వర్ మీద నుంచి సుభద్ర మీదికి వెళ్లి వచ్చాయి. "సరే, ఇప్పుడు వైరు లేకుండా నా ల్యాప్‌టాప్‌కి కలపండి. నాకు రావట్లేదు."

ఈశ్వర్ చెయ్యి కడుక్కుని ల్యాప్‌టాప్ అందుకున్నాడు. రెండుసార్లు రిమోటు ఊపాడు. "హూఁ. లోపలికి తీసుకెళ్లి చూడాలి."

వంటింట్లోకి వచ్చి, గట్టు మీద పెట్టి గొంతు తగ్గించాడు. "రెండు నిమిషాల్లో చేసెయ్. నేనిక్కడే నిలబడతా."

"ఇక్కడ చెయ్యను," అంది సుభద్ర.

"పిచ్చా? సార్ ఉన్నాడు. పరువు..."

ఆమె చెయ్యి తుడుచుకుని, ల్యాప్‌టాప్, రిమోటు రెండూ పట్టుకుని హాల్లోకి నడిచింది. ప్రీతి పక్కన కూర్చుని వాటిని పులుసు గిన్నెకి దూరంగా జరిపింది. వైరు లేకుండా కలపడం ఆమె చదివింది గానీ ఎప్పుడూ చేయలేదు, ఇంట్లో పాత కంప్యూటర్‌కి ఆ సౌకర్యం లేదు. రిమోటు మీద రెండు మీటలు కలిపి నొక్కి పట్టుకుంది. దీపం గబగబా కొట్టుకుంది. తెర మీద రిమోటు పేరు కనిపించింది. నొక్కితే కలవలేదు.

"సెయ్యనేకపోతే ఆడికిచ్చేయే, అందరి ముందూ ఏటిది!" అంది పైడమ్మ.

సుభద్ర వినలేదు. జాబితా కిందిదాకా చూసింది. ప్రీతి ఇంతకుముందు ప్రయత్నించినప్పటి పాత పేరు అక్కడే అడ్డంగా ఉంది. దాన్ని తీసేసింది. మళ్లీ రెండు మీటలు. దీపం గబగబా కొట్టుకుని, కొట్టుకుని, నిలిచి వెలిగింది.

"ఆంటీ! వచ్చేసింది! ఆంటీ, మీరు!"

శివాజీగారు చప్పట్లు కొట్టి, వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఈశ్వర్ వైపు తిరిగారు. "వాహ్ ఈశ్వర్! భార్యకి కూడా నేర్పేశావా!"

ఈశ్వర్ ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. "హా సార్, కొంచెం కొంచెం..."

సుభద్ర లేచి వెళ్లి ఒక కంచం తెచ్చుకుంది. ఈశ్వర్ కుర్చీ ఖాళీగా ఉంది, అందులో కూర్చుంది. అన్నం పెట్టుకుంది. ఈ ఇంట్లో అతిథులతో కలిసి ఆమె భోజనానికి కూర్చోవడం ఇదే మొదలు.

"ఈయన నాకేమీ నేర్పలేదు, అన్నయ్యగారూ. అందులో నూనె వేస్తే పాడైపోతుంది. ఈయనకి రాదు. ఇన్నేళ్లూ ఈ కాలనీలో ఈయన చేతి మీద బాగుపడినవన్నీ నేను బాగుచేసినవే. మీ మిక్సీ కూడా, వదినగారూ."

రాజశ్రీ విస్తట్లో వేళ్లు కదలడం మానేశాయి. ఈశ్వర్ "సుభద్రా!" అన్నాడు. ఆమె అటు చూడలేదు.

"ఆ కంప్యూటర్ గదికి నా పేరు రాయండి. రేపట్నుంచి సాయంత్రాలు నేను వెళ్తాను. ఈయన పేరే రాస్తానంటే మీ ఇష్టం. కానీ ఈయన లోపలికి తెచ్చిన ఏ వస్తువునీ నేనిక ముట్టుకోను."

ముందుగా అందుకున్నది పైడమ్మే.

"ఏటా మాటలు! లెగు, లెగు. ముందు మగోళ్లకి చారొడ్డించు."

"గిన్నె అక్కడే ఉంది, అత్తయ్యా. మీ అబ్బాయి నిలబడే ఉన్నాడుగా," అంది సుభద్ర, ముద్ద కలుపుకుంటూ.