మాంజ్రా అంటే

లింగంపేటలో సాయిలతకు ఆ చలికాలమంతా కంటినిండా నిద్ర లేదు. అత్త శాంతవ్వకు మతి తప్పుతోంది. మహారాష్ట్రలో బిలోలి పక్క పల్లెలో శాంతాబాయిగా పుట్టి, కోడలై వచ్చి శాంతవ్వ అయిన మనిషి. ఇన్నేళ్లు తెలుగే మాట్లాడింది. ఇప్పుడా తెలుగు ఒక్కొక్క మాటే రాలిపోయి, కోడలికి అర్థంకాని మరాఠీ మిగిలింది.

కొన్నాళ్లుగా ఒకటే మాట, "మాంజ్రా, మాంజ్రా." అన్నం ముద్ద నోటి దగ్గర పెడితే తల తిప్పుకొని మళ్లీ అదే మాట.

బీడీలు చుట్టే చాట పక్కన పెట్టి, సాయిలత ఎదురింటి ఎంకయ్యను అడిగింది. ఆయన భివండి మగ్గాల మీద పనిచేసి, కాస్త మరాఠీ నేర్చి వచ్చినవాడు.

"మాంజర్ అంటే పిల్లి బిడ్డా. చిన్నప్పుడు సాదుకున్నదో ఏమో," అన్నాడు.

ఎక్కడినుంచో ఓ పిల్లికూనను తెచ్చి అత్త ఒళ్లో పెట్టింది. శాంతవ్వ దాన్ని నెట్టేసి ఏడ్చింది. కూన చాటలో దూకి తంబాకంతా చిందరవందర చేసింది. సాయిలతకు కోపగించుకునే ఓపిక కూడా లేదు. కూర్చొని తంబాకు ఎత్తుకుంది.

చివరకు అత్త తమ్ముడు మాధవరావుకు ఫోన్ చేసింది.

"పిల్లి కాదు బేటీ, నది," అన్నాడాయన. "మీరు మంజీర అంటరు, మేం మాంజ్రా అంటం. మీ దిక్కు నుంచే మా దిక్కొస్తది."

"మరి పేరెందుకు మారింది మామా?"

"మంజీరమంటే కాలి అందె అని మా బాపు చెప్తుండె. వంజర అని పాత పేరు గూడ ఉన్నదంటరు. ఏది ముందో ఎవరికెరుక? అక్క మాత్రం పొద్దుగాల నదికి మొక్కందే మెతుకు ముట్టకపోయేది."

మర్నాడు సాయిలత అన్నం డబ్బా కట్టుకొని, మైసన్న ఆటో మాట్లాడుకొని, ఎల్లారెడ్డి మీదుగా అత్తను నిజాంసాగర్ దిక్కు నది ఒడ్డుకు తీసుకుపోయింది. దారిపొడుగునా తను కునికిపాట్లు పడుతూనే ఉంది.

"అత్తమ్మా, మాంజ్రా," అని చూపించింది.

శాంతవ్వ చాలాసేపు చూసింది. "మంజీర గదనే ఇది," అంది తెలుగులో, కోడలికి తెలియదా అన్నట్టు.

కోడలి చెయ్యి పట్టుకొని చీలమండ లోతుకు దిగింది. దోసెడు నీళ్లు కళ్లకద్దుకుంది.

"తింటవా అత్తమ్మా?"

"పెట్టు."

తిన్నన్ని ముద్దలు పెట్టాక సాయిలతకు తన ఆకలి తెలిసింది. మిగిలింది తను తిని, డబ్బా కడిగి, నది నీళ్లు నింపి మూత బిగించింది. రేపు పొద్దున అత్త మొక్కుకోవడానికి ఇంట్లో ఉండాలి గదా.